బొమ్మల కింద నా పేరు

అది రెండో తరగతి పిల్లల వర్క్‌బుక్. మన ఊరు, మన చుట్టుపక్కల గురించి చెప్పే పుస్తకం. రెండో పేజీలో ధరకు పైన "బొమ్మలు, రూపకల్పన" అని ఉండి, ఆ పక్కన నా పేరు ఉంటుంది. పుస్తకంలో అరవై బొమ్మలున్నాయి. వాటిలో నేను వేసింది ఒక్కటి కూడా లేదు.

ఈ సంగతి మా ఇంట్లో కూడా చాలాకాలం చెప్పలేదు. పుస్తకం చూసి మా పెద్దమ్మ, చిన్నప్పుడు గోడల మీద బొగ్గుతో గీసేదానివి, ఇన్నాళ్లకు నీ చేతికి పేరొచ్చింది అని మురిసిపోయింది. నేను నవ్వి ఊరుకున్నాను.

విజయవాడలో ప్రైవేటు స్కూళ్లకు పుస్తకాలు వేసే ఒక చిన్న సంస్థలో తొమ్మిదేళ్లు పనిచేశాను. ప్రూఫులు దిద్దడం, పాఠాలు రాసే టీచర్ల వెంటపడటం, బొమ్మలు సమకూర్చడం నా పని. చాలాకాలం ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మల్నే తీసి అతికించేవాళ్లం. ఒక ఏడాది మైలవరం వైపు స్కూలు నుంచి హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేశారు. "మా ఇల్లు" అన్న పాఠంలో ఇంటి మీద పొగగొట్టం, వాకిట్లో మంచు ఉన్నాయట. పిల్లలకు ఏం చెప్పాలో తెలియక ఆ పేజీ వదిలేశామని అన్నారు. మరుసటి ఏడు ఆ స్కూలు మా పుస్తకాలు తీసుకోలేదు. అప్పుడు మా యజమానికి మన బొమ్మలు మనమే వేయించుకుందామని ఆలోచన వచ్చింది. ఎవరినైనా చూడండి, ఎక్కువ అడగనివాళ్లను చూడండి అని నాతో అన్నారు.

పటమటలో ఒక ప్లేస్కూలు గోడ మీద రైతుబజారు బొమ్మ చూసి ఆగిపోయాను. తట్టల మధ్య కూర్చుని చిల్లర వెతుక్కుంటున్న ఆవిడ, సంచీ మూతి తెరిచి పట్టుకున్న పెద్దాయన, అడ్డంగా సైకిలు. బొమ్మలోనే ఒక చివర, పాకలో గేదె ఒకటి లేస్తోంది. మాది కంకిపాడు దగ్గర పల్లెటూరు, పాడి ఉన్న ఇల్లు. గేదె లేచేటప్పుడు మొదట వెనక కాళ్ల మీద లేస్తుంది, ముందు మోకాళ్లు ఇంకా నేల మీదే ఉంటాయి. అది చూసినవాళ్లకే తెలుస్తుంది. ఇది వేసినవాళ్లెవరని లోపల అడిగితే, రెండు వీధుల అవతల ఒక డాబా మీది గది చూపించారు.

రేకుల గది. బొమ్మ వేసినావిడకు ముప్పై ఉంటాయేమో. పుట్టిల్లు మైలవరం దగ్గర. డ్రాయింగ్‌లో ప్రభుత్వం పెట్టే లోయర్, హయ్యర్ పరీక్షలు రాసింది. భర్తది ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పని. ఒక్కతే కూతురు, రెండో తరగతిలోకి రాబోతోంది. పెళ్లికి ముందు ఏటా క్రిస్మస్‌కు చర్చిలో వేదిక వెనక కట్టే తెర తనే వేసేదట. "బేత్లెహేము ఎట్లా ఉంటదో నాకేం తెలుసండీ, మా ఊరి గుట్టలే వేసి పైన నక్షత్రం పెట్టేదాన్ని," అని నవ్వింది. నాకా నవ్వు నచ్చింది. నన్ను మేడమ్ అంటుంటే, అక్కా అని పిలువు చాలు అన్నాను. ఆ మాట అప్పుడు ప్రేమతోనే అన్నాను. తరవాత దాన్ని ఎట్లా వాడుకున్నానో చెబుతాను.

ముందు నమూనాకు పది పన్నెండు బొమ్మలు వేయమన్నాను. నచ్చితే పుస్తకమంతా నీదే అన్నాను. నమూనాలకు డబ్బు ఇస్తామనీ చెప్పలేదు, ఇవ్వమనీ చెప్పలేదు. ఆవిడ వారంలో పన్నెండు తెచ్చింది. కాలవ లాకు దగ్గర ఆగిన ఆటో, సిటీబస్సులో టికెట్లు కొడుతున్న కండక్టరమ్మ, చేపల గంప ముందు ఈగలు తోలుతున్న ముసలామె. మా యజమాని ఒక్కొక్కటీ తిప్పి చూసి బాగున్నాయన్నారు. ఆ పన్నెండూ నేరుగా పుస్తకంలోకి వెళ్లిపోయాయి. మిగతా వాటికి బొమ్మకు ఇంత అని నోటిమాటగా ఒక రేటు చెప్పాం. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. ఆవిడ అడిగిందొక్కటే. "అక్కా, పుస్తకంలో ఏ మూలనైనా సరే నా పేరు వేస్తారా? మా పాప తరగతి పుస్తకం కదా." తప్పకుండా వేస్తామన్నాను.

అప్పటికి ఎండలు ముదిరాయి. జూన్‌లో స్కూళ్లు తెరిచేలోగా పుస్తకాలు చేరాలి. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలో రేకుల కింద మధ్యాహ్నం ఎట్లా ఉంటుందో నాకు తెలియనిది కాదు. ఒకరోజు బొమ్మలు తీసుకోవడానికి వెళ్లేసరికి, ఆవిడ మంచం పట్టె మీద అట్ట ఆనించుకుని, కాళ్లు నీళ్ల టబ్బులో పెట్టుకుని వేస్తోంది. కుంచె మీద రంగు కాగితాన్ని తాకేలోపే ఆరిపోతోందని, గ్లిజరిన్ చుక్క కలుపుకుంటున్నానని చెప్పింది. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరిపోతాయని ఆపేసింది. మెడ నొప్పికి ఒక పక్క పట్టీ అంటించుకుంది. నేను పది నిమిషాలు కూర్చోలేక బొమ్మలు తీసుకుని వచ్చేశాను. మా ఆఫీసులో ఏసీ ఉంది. ఒక టేబులు వేసి, ఇక్కడికి వచ్చి కూర్చుని వేసుకోమ్మా అని అనొచ్చు. ఆ ఆలోచన నాకు వచ్చింది కూడా. యజమానిని అడగాలి కదా అని దాన్ని అక్కడే వదిలేశాను.

ఏసీ గదిలో కూర్చుని ఆవిడకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు పంపేదాన్ని. అవి ఇప్పటికీ నా పాత ఫోనులో ఉన్నాయి. ఒకసారి తెరిచి రెండు విని మూసేశాను. ఆ గొంతు ఎంత మెత్తగా ఉందో. "అక్క కోసం ఈ ఒక్కటీ మార్చి పెట్టమ్మా." "చిన్న మార్పేరా, నీకెంత సేపు." ఆ చిన్న మార్పులన్నీ కలిపితే పుస్తకం రెండుసార్లు వేసినంత పని అయి ఉంటుంది.

వాటిలో ఒక మార్పు గురించి చెప్పకుండా ఉండలేను. బొమ్మల్లో పిల్లలు కాస్త తెల్లగా ఉంటే తల్లిదండ్రులు ఇష్టపడతారని మా యజమాని అన్నారు. ఆయన మాటను నా మాటగా ఆవిడకు చేర్చాను. ఆవిడ, "ఎందుకక్కా? మన పిల్లలు ఇట్లాగేగా ఉంటారు," అంది. ప్రింటులో రంగు ముదురుగా దిగుతుంది, అందుకని చెప్పాను. అది అబద్ధం. ఆవిడ నమ్మింది. ముదురు రంగు మీద లేత రంగు వేస్తే మురికిగా తేలుతుందట, అందుకని పిల్లలున్న బొమ్మలన్నీ కొత్త కాగితాల మీద మొదటి నుంచీ వేసింది. ఒక్కటి మాత్రం టైము చాలక అట్లాగే ప్రెస్సుకు వెళ్లింది. బడిలో క్యారేజీ మూత తీస్తున్న పిల్ల బొమ్మ అది. నల్లగా, నుదుటి మీద జుట్టు చెదిరి, మూత గట్టిగా ఉండటాన నాలుక కొన పళ్ల మధ్య పెట్టుకుని లాగుతున్న పిల్ల. అది వాళ్ల పాపే.

చివరి వారంలో ఆ పాపకు జ్వరం వచ్చింది. ఆవిడ రెండు రోజులు గడువు అడిగింది. ప్రెస్సువాళ్లు ఆగరమ్మా, పాప పడుకున్నప్పుడు వేసెయ్ అన్నాను. నిజానికి ప్రెస్సులో మా వంతు ఇంకో నాలుగు రోజులకు గానీ లేదు. ముందే చేతిలో ఉంటే నాకు నిశ్చింత అని అట్లా అన్నాను.

డబ్బు సంగతి ఎక్కువగా చెప్పను. అనుకున్న రేటుకు బాగా తక్కువ ఇచ్చారు. నమూనాలు లెక్కలోకి రాలేదు, మళ్లీ వేసినవి అసలే రాలేదు. ఇంట్లో ఉండి తీరిక వేళల్లో చేసుకునే పనే కదండీ అన్నారు మా యజమాని. నేను మారు మాట్లాడలేదు. కవరు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ లెక్కపెట్టకుండా పక్కన పెట్టి, "పుస్తకం ఎప్పుడొస్తదక్కా?" అని అడిగింది.

పేరు సంగతికొస్తే, రెండో పేజీ ప్రూఫులో ఆవిడ పేరు నేనే వేశాను. అంతవరకూ నిజం. మా యజమాని పెన్నుతో కొట్టేశారు. పేరు కనిపిస్తే ఇంకో కంపెనీవాళ్లు ఎగరేసుకుపోతారు, లేదంటే వచ్చే ఏడు రేటు పెంచుతుంది అన్నారు. ఖాళీగా ఉంటే బాగుండదని ఆ చోట నా పేరు రాశారు. మీరేగా అంతా చూసుకున్నది అన్నారు. నేను వద్దనలేదు. డీటీపీ అబ్బాయి ఆ పేజీ ప్రింటు తీసి ఇస్తే, ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో ఒకసారి చూసుకున్నాను. ఎవరూ చూడటం లేదు కదా అని ఇంకోసారి చూసుకున్నాను. సంతోషం వేసింది. నేను సిగ్గుపడే వాటన్నిటిలోకీ ఇది చెప్పుకోవడమే నాకు అన్నిటికన్నా కష్టం. మిగతావన్నీ ఆయన చెబితే చేశాను అనుకోవచ్చు. ఆ సంతోషం మాత్రం ఎవరూ చెబితే వచ్చింది కాదు.

పుస్తకం వచ్చాక ఆవిడకు పంపలేదు. స్టాకు లేదని రెండుసార్లు చెప్పాను. వాళ్ల పాప చదివే స్కూల్లో మా పుస్తకాలే పెట్టారని నాకు తెలియదు.

జులైలో పటమటలోని ఒక స్కూలుకు వెళ్లాను. కొత్త పుస్తకం ఎట్లా చెప్పాలో టీచర్లకు వివరించి రావడం కూడా మా పనిలో భాగం. రెండో తరగతి టీచరు, చిన్న వయసు అమ్మాయి, నన్ను తరగతిలోకి తీసుకెళ్లి పిల్లలతో అంది, ఈ మేడమ్‌గారే మీ పుస్తకంలో బొమ్మలన్నీ వేసింది, అందరూ చప్పట్లు కొట్టండి అని. పిల్లలు కొట్టారు. నేను చేతులు జోడించాను. అప్పుడు రెండో బెంచీలో ఒక పాప లేచి నిలబడింది. చూడగానే తెలిసిపోయింది. పుస్తకంలో అదే మొహం ఉంది.

"టీచర్, ఈ బొమ్మలు మా అమ్మ వేసింది. ఇది నేనే," అని క్యారేజీ బొమ్మ పేజీ తెరిచి చూపించింది.

పిల్లలు నవ్వారు. టీచరు కోప్పడలేదు, నెమ్మదిగానే చెప్పింది, అబద్ధాలు ఆడకూడదమ్మా, పేరు చూడు, ఇక్కడ అచ్చు వేసి ఉంది కదా అని. ఆ పాప పుస్తకంలోని పేరు చదవలేదు. నా వైపు చూసింది. డాబా మీది ఆ గదికి నేను నాలుగైదుసార్లు వెళ్లాను. ఆ పిల్ల నాకు మంచినీళ్లు కూడా తెచ్చి ఇచ్చింది. నన్ను గుర్తుపట్టింది. టీచరు కూడా నా వైపు చూసింది. ఇద్దరూ నేను ఏదో అంటానని ఎదురుచూశారు.

"మీ అమ్మ కూడా బొమ్మలు వేస్తుందా? మంచిది," అన్నాను.

టీచరు ఆ పాపతో మేడమ్‌కు సారీ చెప్పు అంది. ఆ పాప సారీ మేడమ్ అని కూర్చుంది. పుస్తకం మూసేసింది. ఆ తరవాత పావుగంట నేను ఆ తరగతిలో ఏవో వివరిస్తూనే ఉన్నాను. ఏం చెప్పానో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు.

నాలుగు రోజులు ఆవిడ ఫోను వస్తుందేమోనని భయపడుతూ తిరిగాను. రాలేదు. వచ్చి తిట్టి ఉంటే తేలికయ్యేది. అయిదో రోజు ఆఫీసుకు సెలవు పెట్టి నేనే వెళ్లాను. ఆవిడ బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి చేయి తుడుచుకుని కుర్చీ వేసింది. పాప స్కూలుకు వెళ్లింది.  తప్పైపోయిందమ్మా అన్నాను.

ఆవిడ ఆరేసిన బట్టలకు క్లిప్పులు పెట్టి వచ్చి గడపలో కూర్చుంది.

"డబ్బులు తక్కువిస్తారని నాకు ముందే తెలుసండీ. అది నేను అనుకునే చేశాను. పేరు వెయ్యరేమోనని కూడా అనుకున్నా. పాప ఇంటికొచ్చి, అమ్మా, నిజంగా నువ్వే వేశావా, నాకు అబద్ధం చెప్పావా అని అడిగిందండీ. చూపిద్దామంటే నా దగ్గర ఒక్క కాగితం లేదు. అన్నీ మీ దగ్గరే ఉన్నాయి మేడమ్."

నేను మళ్లీ మేడమ్ అయ్యానని అప్పుడు గమనించాను.

స్కాన్ చేసి తిరిగి ఇస్తామని చెప్పి తీసుకెళ్లిన బొమ్మలవి. తరవాత వాటి సంగతే ఎవరికీ పట్టలేదు. మర్నాడు ఆఫీసు స్టోరు గదిలోకి వెళ్లి వెతికాను. తిరిగొచ్చిన పుస్తకాల కట్టల కింద ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. ఒకదాని మీద టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక. నాలుగింటిని ఎవరో కట్టలకు అడుగున వేసి తాడు బిగించారు, రంగు పెచ్చులుగా లేచిపోయింది. పదమూడు దొరకనే లేదు. దొరికినవన్నీ ఎవరినీ అడగకుండా సంచీలో పెట్టుకుని వెళ్లి ఇచ్చాను. ఆవిడ ఒక్కొక్కటీ తీసి మంచం మీద పరిచి చూసుకుంది. పాడైపోయిన వాటిని విడిగా పెట్టింది. లేని పదమూడూ ఏవేవో చూడకుండానే చెప్పింది.

యజమానికి తెలిస్తే ఉద్యోగం పోతుందేమోనని నేను భయపడ్డ మాట నిజం. తెలిసింది. ఆయన నవ్వి, ఆ కాగితాలేం చేసుకుంటుందండీ అన్నారు. అంతే. నేను ధైర్యమనుకుని చేసిన పనికి నాకు పోయిందేమీ లేదు.

ఆ శనివారం స్కూలుకు వెళ్లాను. టీచరుకు విషయం చెబితే ఆమె ముఖం మాడిపోయింది. పోన్లెండి మేడమ్, పిల్లలు మర్చిపోయుంటారు అంది. నేను పట్టుబట్టి తరగతిలోకి వెళ్లి నిలబడి చెప్పాను, ఈ బొమ్మలు నేను వేయలేదు, ఈ పాప వాళ్ల అమ్మ వేసింది, ఆ రోజు ఈ పాప చెప్పిందే నిజం, నేనే నిజం చెప్పలేదు అని. పాప తల ఎత్తలేదు. పెన్సిలు ముల్లు చూసుకుంటూ కూర్చుంది. ముందు బెంచీలో ఒక పిల్లాడు చేయి ఎత్తాడు.

"మరి మీ పేరెందుకు వేసుకున్నారు మేడమ్?"

వాడు ఎత్తిపొడవడానికి అడగలేదు, తెలుసుకుందామని అడిగాడు. పేరు వేస్తే నాకు బాగనిపించింది, అందుకని వేసుకోనిచ్చాను, అది తప్పు అన్నాను. పిల్లలకు ఏం అర్థమయిందో తెలియదు. టీచరు గబగబా పాపతో, మంచి అమ్మాయివి, కూర్చో అంది. పాప అప్పటికే కూర్చుని ఉంది.

ఇంత జరిగాక ఉద్యోగం మానేశానని చెబితే బాగుంటుంది. మానలేదు. ఇంటి లోను ఉంది, అత్తగారికి డయాలసిస్ నడుస్తోంది. ఇంకో ఏడాదిన్నర అక్కడే చేశాను. రెండో ముద్రణకు ఆ పేజీ మార్చమని అడిగాను. ఫైలు కదిలించొద్దన్నారు. రెండోసారి కాస్త గట్టిగా అడిగాను. మూడోసారి అడగలేదు. నేను బయటికి వచ్చేశాక కూడా ఆ పుస్తకం అచ్చవుతూనే ఉంది. ఇప్పుడు ఇంటి దగ్గర ప్రూఫులు దిద్దుకుంటున్నాను. ఎదురు ఫ్లాట్ పిల్లాడి బ్యాగులో కూడా ఆ పుస్తకం చూశాను.

ఆవిడ మళ్లీ మా సంస్థకు పని చేయలేదు. కొన్నాళ్లు గోడల మీద బొమ్మలు వేసింది. తరవాత పిల్లల కథల పుస్తకాలు వేసేవాళ్లు ఎవరో పిలిచారట. ఈ మధ్య ఒకరోజు ఫోన్ చేసి, మీరు ఇంట్లో ఉంటారా అని అడిగి, మా ఇంటికి వచ్చింది. చేతిలో రెండు కాగితాలున్నాయి. తనలాగే బొమ్మలు వేసుకుని బతికేవాళ్లు, గోడలకు వేసేవాళ్లు, పుస్తకాలకు వేసేవాళ్లు అయిదారుగురు కలిసి ఒక మాట మీదకు వచ్చారట. ఎవరు పని ఇచ్చినా ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. నమూనాకు కూడా డబ్బు ఇవ్వాలి. రెండింటికి మించి మార్పులు చెబితే విడిగా ఇవ్వాలి. వేసినవాళ్ల పేరు అచ్చులో ఉండాలి. అసలు బొమ్మలు వేసినవాళ్లవే. ఎండల్లో గోడ పని పొద్దున పది దాటితే ఉండదు, నీడా నీళ్లూ ఆడవాళ్లు వెళ్లడానికి బాత్రూమూ చూపించాకే పని మొదలు. ఒక్కో వాక్యం చదువుతుంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుస్తూనే ఉంది. ఆవిడ మాత్రం నా వైపు చూడకుండా కిటికీ లోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"మాలో ఎవరికీ ఆఫీసు భాష రాదండీ. తప్పులుంటే నవ్వుతారని మీ దగ్గరకు తెచ్చాను," అంది.

అక్షరదోషాలు దిద్దాను. రెండుచోట్ల వాక్యం మెలికపడితే విడదీశాను. "దయచేసి ఇప్పించగలరు" అని ఉన్నచోట "ఇవ్వాలి" అని రాశాను. గంట పట్టింది. టీ ఇస్తే తాగింది. వాళ్ల పాప ఎట్లా ఉందని అడిగాను. బాగా చదువుతోంది, బొమ్మలు మాత్రం వేయదండీ, వేయమన్నా వేయదు అని చెప్పింది. కారణం నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

కాగితాలు మడిచి సంచీలో పెట్టుకున్నాక, లేచి నిలబడి పర్సు తీసింది.

"దీనికి ఎంత తీసుకుంటారండీ?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తరవాత అర్థమై, అయ్యో, నీ దగ్గరా, వద్దమ్మా అన్నాను. ఆవిడ మొహంలో ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు.

"అట్లా అనకండి. ఇది మీ పని కదా, గంట కూర్చుని చేశారు. పేజీకి ఎంత తీసుకుంటారో చెప్పండి."

చెప్పాను. నోట్లు లెక్కపెట్టి నా చేతికి ఇచ్చింది. తీసుకున్నాను.